మైకుల చదువు

మా ఏజెన్సీ ఊళ్లలో ఇంటర్ పాసైన పిల్లని ఏం చదివించాలి అని అడిగితే మూడే జవాబులు వస్తాయి. టీచర్ ట్రైనింగ్, నర్సింగ్, పోలీసు ఉద్యోగానికి కోచింగ్. మూడూ మంచివే. మేమూ మొదటి దారిలో నడిచి వచ్చినవాళ్లమే. అయితే మా కాలానికీ ఇప్పటికీ మధ్య ఒక పెద్ద తేడా వచ్చింది. మనలో చాలామంది తల్లిదండ్రులకి అది ఇంకా తెలియదు. తెలిసిన టీచర్లం కూడా గట్టిగా చెప్పడం లేదు.

2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. ఆ జీవో ఉండబట్టి మా తరంలో ఎన్నో గూడేల నుంచి మొదటి ఉద్యోగి బయటికి వచ్చాడు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని కదపలేదు, కానీ వెనక వచ్చే పిల్లలకి ఆ తలుపు అంత వెడల్పుగా తెరిచి లేదు. ఆ హక్కు కోసం అడుగుతూనే ఉండాలి. అడుగుతూనే మన పిల్లలకి వేరే దారులు కూడా వెతకాలి. అలా వెతికిన ఒక దారి గురించే ఈ వ్యాసం.

మేము అంటే మా మండలంలో పనిచేసే ఆదివాసీ టీచర్లం నలుగురం. వారపు సంత రోజున బడి అయ్యాక ఒకచోట కలుస్తాం. పిల్లల సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్పులు, హాస్టల్ సీట్లు ఇవే మా కబుర్లు. రెండేళ్ల కిందట ఒక అమ్మాయి సంగతి మా ముందుకి వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. గురుకులంలో ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు చదువుతోంది. తండ్రికి రెండెకరాల కాఫీ, దాని మీద మిరియం, కింద కొంచెం పసుపు. పిల్ల చదువుతానన్నది ఆడియో ఇంజనీరింగ్.

"మాస్టారూ, మైకులు కట్టుకోడానికి చదువేటి? మన ఊళ్లో సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే కుర్రోడు ఏం చదివాడు?" అని తండ్రి అడిగాడు.

ఆయన ప్రశ్న న్యాయమైనదే. మాకూ ఆ చదువు గురించి పెద్దగా తెలీదు. అందుకని ముందు చదువు గురించి కాక పిల్ల గురించి మాట్లాడదాం అనుకున్నాం. నీకిది ఎందుకు కావాలి అని అడిగాం. ఆ పిల్ల సినిమా పాటల గురించి చెప్పలేదు. వాళ్ల నాన్నమ్మ గురించి చెప్పింది.

నాన్నమ్మకి పాత పాటలు చాలా వచ్చు. విత్తనాల పండగ పాటలు, పెళ్లి పాటలు, చనిపోయినవాళ్లని సాగనంపే పాటలు. సెలవులకి వచ్చినప్పుడు పిల్ల వాటిని ఫోన్లో రికార్డు చేసేది. వింటే ఒక చిక్కు కనిపించింది. తుడుము మీద దెబ్బ పడ్డ ప్రతిసారీ నాన్నమ్మ గొంతు నీళ్లలో మునిగినట్టు కిందికి పోయి, మళ్లీ మెల్లగా పైకి వస్తోంది. ఎదురుగా కూర్చుని విన్నప్పుడు అలా లేదు. మరి ఫోన్లో ఎందుకు అలా అయింది? ఇదీ ఆ పిల్ల ప్రశ్న.

మాలో భౌతికశాస్త్రం చెప్పే టీచర్ దానికి జవాబు చెప్పాడు. ఫోన్ మనుషుల మాట కోసం తయారైంది. పెద్ద చప్పుడు వస్తే అది తన గ్రహించే శక్తిని తనే తగ్గించుకుంటుంది. చప్పుడు ఆగాక మళ్లీ పెంచుకుంటుంది. ఆ మధ్యలో ఉన్న గొంతు సన్నబడుతుంది. ఇది విని పిల్ల ఊరుకోలేదు. మళ్లీ సెలవుల్లో రెండు ఫోన్లు తెచ్చింది. ఒకటి నాన్నమ్మ నోటికి దగ్గరగా, ఇంకోటి తుడుముకి దూరంగా పెట్టింది. పాట మొదలయ్యే ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఎందుకమ్మా అంటే, "రెండు రికార్డులూ తర్వాత కలపాలి కదా సార్, ఎక్కడ కలపాలో గుర్తుండాలి కదా" అంది.

సినిమా షూటింగులో కెమెరా ముందు చెక్క పలకని టప్పుమని కొట్టేది సరిగ్గా ఇందుకే. బొమ్మ వేరేగా, శబ్దం వేరేగా రికార్డవుతాయి. ఆ చప్పుడు దగ్గర రెండింటినీ అతుకుతారు. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే కొండ మీది పిల్ల తనంతట తను కనిపెట్టింది. ఆ రోజు మేము నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇది మోజు కాదు అని తేలిపోయింది.

ఈలోపు పిల్ల ఫోన్‌కి నగరంలో ఉన్న ఒక ప్రైవేటు సంస్థ ప్రకటన వచ్చింది. నంబర్ ఇచ్చిన పాపానికి రోజూ ఫోన్లు. సీట్లు అయిపోతున్నాయి, ఈ వారం కడితే రాయితీ అని. ఫీజు ఏడాదికి రెండున్నర లక్షలు, ఉండటానికి తినడానికి వేరే. రెండేళ్ల కోర్సు. తండ్రి మొదట వద్దన్నవాడే పిల్ల ఏడుపు చూడలేక మెత్తబడ్డాడు. కాఫీ పంట షావుకారుకి ముందే రాసిచ్చి డబ్బు తెస్తానన్నాడు. మన ఏజెన్సీలో పంట ముందే రాసివ్వడం అంటే ఏమిటో ఈ పుస్తకం చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక్కసారి రాసిస్తే ఎన్ని పంటలు పోతాయో ఎవరూ లెక్క చెప్పలేరు.

డబ్బు కట్టే ముందు ఒకసారి చూసి వద్దాం అన్నాం. తండ్రీ కూతురూ, మాలో ఇద్దరం కలిసి తెల్లవారుజాము బస్సుకి వెళ్లాం. అద్దాల గది, అందులో మీటలతో నిండిన పెద్ద మిక్సర్ బల్ల. పిల్ల కళ్లు దాని మీదే. మేము ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకుని వెళ్లాం. ఒక్కొక్కటే అడిగాం.

సర్టిఫికెట్ ఏ యూనివర్సిటీ ఇస్తుంది? యూనివర్సిటీ కాదు, సంస్థే ఇస్తుందన్నారు. ఒక బ్యాచికి ఎంతమంది? నలభై. ఈ బల్ల ముందు ఒక్కో పిల్ల వారానికి ఎన్ని గంటలు కూర్చుంటుంది? దానికి నేరుగా జవాబు రాలేదు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వర్తిస్తుందా? వర్తించదు. మధ్యలో మానేస్తే ఫీజు వెనక్కి వస్తుందా? రాదు. ఇక్కడ చదివి బయటికి వెళ్లినవాళ్లలో ఇద్దరితో ఫోన్లో మాట్లాడిస్తారా? "ఇంటికి వెళ్లి ఆలోచించుకోండి, కానీ రేపటికి సీటు ఉంటుందని చెప్పలేం" అన్నారు.

తిరుగు బస్సులో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మేమూ మాట్లాడించలేదు. ఘాటీ ఎక్కేటప్పుడు తండ్రే అన్నాడు, "మాస్టారూ, ఆ బల్ల నిజమే. కానీ మన పిల్లకి దాని ముందు కుర్చీ లేదు" అని.

ఒక చోట కుదరలేదని చదువే మానెయ్యమనడం న్యాయం కాదు. సర్కారు సంస్థలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడం మొదలుపెట్టాం. మాకు తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాం, ఇంకో పిల్లకి పనికొస్తుందని.

ఇంటర్ తర్వాత నేరుగా చేరే చోట్లు తక్కువ. చెన్నై తరమణిలో తమిళనాడు ప్రభుత్వం నడిపే ఎంజీఆర్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ ఆడియోగ్రఫీలో నాలుగేళ్ల డిగ్రీ ఉంది. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి ఉండాలి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో కర్ణాటక ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ రికార్డింగ్ డిప్లొమా ఉంది. ఇవి పక్క రాష్ట్రాల సంస్థలు. అక్కడ మన పిల్లలకి ఎన్ని సీట్లు, ఏ రిజర్వేషన్ అన్నది ఆ ఏటి ప్రాస్పెక్టస్ చూసి, ఫోన్ చేసి కనుక్కోవాలి.

డిగ్రీ తర్వాత చేరే చోట్లు పెద్దవి. పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్. రెండూ కేంద్ర ప్రభుత్వానివి. సౌండ్‌లో మూడేళ్ల కోర్సు. ప్రవేశ పరీక్ష రాయాలి. కేంద్ర సంస్థలు కాబట్టి ఎస్టీలకి 7.5 శాతం రిజర్వేషన్ ఉంటుంది. పుణెలో టీవీ విభాగంలో ఏడాది కోర్సు కూడా ఉంది.

ఇంకో దారి ఎలక్ట్రానిక్స్. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా, లేకపోతే ఇంటర్ తర్వాత ఈఏపీసెట్ రాసి బీటెక్. ఇది పూర్తిగా శబ్దం చదువు కాదు. కానీ మైకు లోపల ఏం జరుగుతుందో, శబ్దం అంకెలుగా ఎలా మారుతుందో ఇక్కడ తెలుస్తుంది. సీడీలో ఒక క్షణం పాటని 44,100 ముక్కలుగా కొలిచి అంకెలు చేస్తారు. సినిమాకి 48,000. ఈ లెక్కలు తెలిసిన పిల్ల ఎక్కడైనా బతుకుతుంది.

ఈ చదువు చదివి ఏ పని చేస్తారు అని కూడా కనుక్కున్నాం. సినిమా ఒక్కటే కాదు. రేడియో, టీవీ స్టేషన్లు, పాటల స్టూడియోలు, షూటింగ్ జరిగే చోట మాటలు రికార్డు చేసేవాళ్లు, సభలకీ కచేరీలకీ సౌండ్ నడిపేవాళ్లు, హాళ్లలో ప్రతిధ్వని రాకుండా గోడలకి ఏం వెయ్యాలో చెప్పేవాళ్లు. ఇందులో నెల జీతం ఉన్న ఉద్యోగాలు కొన్నే. ఎక్కువ భాగం పని ఉన్న రోజే కూలి. ఈ మాట దాచకుండా పిల్లకీ చెప్పాం, తల్లిదండ్రులకీ చెప్పాం.

వాళ్ల ఇంటి అరుగు మీద ఒక సాయంత్రం కూర్చున్నాం. తల్లి భయం వేరు. "రాత్రుళ్లు చేసే పని అంట కదా సార్. మగోళ్ల మధ్య ఒక్క ఆడపిల్ల." ఆ భయం తప్పని మేము అనలేదు. సంగారెడ్డి జిల్లా మాచనూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియో గురించి చెప్పాం. అది నడిపేది పల్లెటూరి దళిత ఆడవాళ్లు. రికార్డింగ్ వాళ్లదే, ఎడిటింగ్ వాళ్లదే, మాట్లాడేదీ వాళ్ల యాసలోనే. యంత్రం ముందు ఆడదాని చెయ్యి ఆగిపోదు. దానితో పాటు, పిల్ల ఏ ఊరు వెళ్లినా ముందు సర్కారు హాస్టల్ సీటు చూసుకునే పంపుదాం అని మాట ఇచ్చాం.

తండ్రి ఇంకో మాట అడిగాడు. "ఇంత దూరం వెళ్లి మన పిల్లలు గెలిచినోళ్లు ఉన్నారా?" ఆదివాసీల పేరు ఒకటి వెంటనే చెప్పలేకపోయాం. రసూల్ పూకుట్టి గురించి చెప్పాం. కేరళ కొల్లం జిల్లాలో పల్లెటూరి మనిషి. ముందు బీఎస్సీ ఫిజిక్స్ చదివాడు. తర్వాత పుణె ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ చదివాడు. 2009లో స్లమ్‌డాగ్ మిలియనీర్ సినిమాకి సౌండ్ మిక్సింగ్‌లో ఇంకో ఇద్దరితో కలిసి ఆస్కార్ అందుకున్నాడు. బహుమతి గురించి కాదు మేము చెప్పింది, ఆయన నడిచిన వరస గురించి. ముందు మామూలు డిగ్రీ, ఆ తర్వాత సర్కారు సంస్థ. ఆ వరసకి కాఫీ తోట రాసివ్వక్కర్లేదు.

నాన్నమ్మ అంతసేపూ గోడకి ఆనుకుని అడ్డపొగ కాలుస్తూ వింటోంది. చివరికి మా భాషలో ఒక మాట అంది. తెలుగులో చెప్పాలంటే, నా పాట దాని దగ్గర ఉంది, దాన్ని ఎక్కడికి పంపినా పాట వెంట వెళ్తుంది, పంపండి అని.

పిల్లే నిర్ణయం తీసుకుంది. చెన్నైకి, బెంగళూరుకి ఆ ఏడు దరఖాస్తు గడువు అయిపోయింది. ఏడాది ఖాళీగా ఉండనని విశాఖపట్నంలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్‌లో చేరింది. గిరిజన హాస్టల్లో సీటు వచ్చింది. ఫీజుకి స్కాలర్‌షిప్ వచ్చింది. ఆదివారాలు, సెలవు రోజులు సభలకి సౌండ్ పెట్టే ఒక ఆయన దగ్గర పగటి పూట పనికి వెళ్తోంది. వైర్లు చుట్టడం, మైకులు అమర్చడం, స్పీకర్ కూత పెట్టకుండా చూడటం. మైకు తన స్పీకర్ శబ్దాన్నే మళ్లీ వింటే కూత వస్తుందని, మైకు ముందుకి స్పీకర్ రాకుండా నిలబెడితే చాలావరకు పోతుందని ఇప్పుడు మాకే పాఠం చెప్తోంది. డిగ్రీ అయ్యాక పుణెకీ కోల్‌కతాకీ పరీక్ష రాస్తుంది. సీటు వస్తుందో రాదో ఎవరం చెప్పలేం. సీట్లు కొద్ది, పోటీ దేశమంతా. రాకపోయినా చేతిలో డిగ్రీ ఉంటుంది, పని వచ్చిన చేతులు ఉంటాయి, తండ్రి తోట తండ్రి పేరు మీదే ఉంటుంది.

ఇదంతా ఒక్క పిల్ల ఉద్యోగం కోసమే అయితే ఇంత రాయక్కర్లేదు. ఇందులో మన అందరి సంగతి ఒకటి ఉంది. మన పాటలు రికార్డు చేసుకోడానికి ఎందరో వచ్చారు. మన ముసలివాళ్లని కూర్చోబెట్టి పాడించుకుని వెళ్లారు. ఆ రికార్డుల్లో మన ఊరికి తిరిగి వచ్చినవి ఎన్ని? గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని 1931లో దాని వ్యాకరణం అచ్చువేశారు. అది గొప్ప పని. కానీ ఆ రోజుల్లో ఆయనకి భాష చెప్పిన సవరల గొంతులు ఎలా ఉండేవో మనం వినలేం. కాగితం మీద మాట నిలుస్తుంది, గొంతు నిలవదు. ఇప్పుడు గొంతు కూడా నిలబెట్టే పనిముట్టు ప్రతి కుర్రాడి జేబులో ఉంది. దాన్ని వాడే చదువు మాత్రం మన దగ్గర లేదు.

ఇంకో సంగతి. సినిమాల్లో మనుషుల్ని అడవిలో చూపించగానే ఏవో అరుపులు, ఏదో డప్పు వినిపిస్తాయి. అది ధింసాలో మోగే తుడుము కాదు, మోరి కాదు, కిరిడి కాదు, జోడుకొమ్ములూ కాదు. ఆ గదిలో బల్ల ముందు కూర్చున్న మనిషికి తేడా తెలియదు. తెలిసిన మనిషి అక్కడ ఒక్కరు కూర్చుంటే, ఇది మాది కాదు అని చెప్పగలుగుతారు. అసలుది తెచ్చి వినిపించగలుగుతారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో ఎవరికైనా ఈ దారి మీద మనసుంటే ఇప్పుడే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పదో తరగతి తర్వాత ఇంటర్లో ఫిజిక్స్ ఉన్న గ్రూపు తీసుకోండి. ఈ చదువులో చాలా తలుపులు దాని దగ్గరే తెరుచుకుంటాయి. మీ ఊరి పెద్దవాళ్ల పాటలు, కథలు వాళ్ల అనుమతి అడిగి రికార్డు చెయ్యండి. ముందుగా పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ మీ నోటితో చెప్పి రికార్డులోనే ఉంచండి. ఫ్యాన్ ఆపండి, గాలికి అడ్డంగా కూర్చోండి, ఫోన్ చేత్తో పట్టుకోకుండా మెత్తని గుడ్డ మీద పెట్టండి. ఒక కాపీ వేరే చోట దాచండి. పెళ్లిళ్లలో సౌండ్ బాక్సుల ముందు నిలబడి ఎగరొద్దు. మీ పనిముట్టు మీ చెవి. అది ఒకసారి పాడైతే కొత్తది దొరకదు.

తోటి టీచర్లకి మా మనవి. పిల్ల ఒక కొత్త చదువు పేరు చెప్తే నవ్వకండి, వెంటనే సరే అని కూడా అనకండి. దాని వెనక ఏ ప్రశ్న ఉందో అడగండి. సంస్థ పేరు చెప్తే సర్టిఫికెట్ ఎవరిస్తారో, స్కాలర్‌షిప్ వస్తుందో రాదో ముందు చూడండి. గుర్తింపు లేని కోర్సుకి స్కాలర్‌షిప్ రాదు, ఆ ఒక్క ప్రశ్నతోనే సగం సంగతి తేలిపోతుంది. కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. కుల, ఆదాయ పత్రాలు పరీక్షలు అయిన వారంలోనే తీయించండి. గడువులు గోడ మీద రాసి పెట్టండి. ఆంధ్రలో డిగ్రీ సీట్లు ఓఏఎండీసీ ద్వారా, తెలంగాణలో దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లో నిండుతాయి. మన ఊళ్లలో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో మీకు తెలుసు. పిల్లని అక్కడికి మీరే తీసుకెళ్లండి.

మేము నలుగురం ఇప్పుడు ఒక పుస్తకం పెట్టాం. ఇంటర్ చదివే పిల్లలు ఏ చదువు పేరు చెప్పినా అందులో రాస్తాం. ఆ పేరు కింద ఎక్కడుంది, ఎంతవుతుంది, ఎప్పటిలోగా దరఖాస్తు చెయ్యాలి అని కనుక్కుని నింపుతాం. మొదటి పేజీ శబ్దం చదువుది. రెండో పేజీ ఒక కుర్రాడు అడిగిన మ్యాపుల చదువుది, పోడు పట్టాల కొలతలు చూసి వాడికి ఆ ఆలోచన వచ్చిందట. మూడో పేజీ ఖాళీగా ఉంది.